రెండు అమావాస్యల జట్టు

మా కెప్టెన్ పోయాడని, ఎమ్మిగనూరు బస్సు దిగిన ఒక నేతపనివాడు మా పత్తి మండీ ముందు నిలబడి చెప్పాడు. ఎప్పుడని అడిగాను. అమావాస్యనాడన్నాడు. "మీ అమావాస్యా, మా అమావాస్యా?" అనే మాట నోటిదాకా వచ్చి ఆగింది. నవ్వొచ్చింది. దాని వెనకే ఏడుపూ వచ్చింది. చావుకబురు విని నవ్వాడేమిటి ఈ మనిషి అని అతను అనుకొని ఉంటాడు. అందుకే ఇది రాస్తున్నాను.

ఇప్పుడెవరికీ గుర్తుండదు గానీ, ఆదోని ఇంకా బళ్లారి జిల్లాలో ఉన్న రోజుల్లో, ఆదోనికీ ఎమ్మిగనూరుకూ కలిపి ఒక బాల్ బ్యాడ్మింటన్ జట్టు ఉండేది. నెట్టుకు ఇటు అయిదుగురు, అటు అయిదుగురు, మధ్యన పసుపుపచ్చ ఉన్ని బంతి. మా అయిదుగురిలో కెప్టెన్‌తో కలిపి ముగ్గురు ఎమ్మిగనూరు మగ్గాలవాళ్ళు. ఆదోని మండీల నుంచి నేనూ, మా పక్కంగడి శెట్టి కొడుకూ. మాకందరికీ తీరిక దొరికేది నెలకు ఒక్కరోజు. అమావాస్యనాడు మగ్గం ఆడదు, మండీ తెరవరు. ఆ రోజే ఆట. ఊరంతా మమ్మల్ని అమావాస్య జట్టనేది. మంచిరోజు చూసుకొని మరీ ఓడిపోతున్నారని మా నాయన ఎగతాళి చేసేవాడు.

అందులోనూ ఒక చిక్కుంది. అమావాస్య ఒక పగలు మొదలై మరుసటి పగలు ముగిసే నెలలు చాలా వస్తాయి. సాయంత్రం లక్ష్మీపూజ వేళకు అమావాస్య ఉండాలి కాబట్టి మేము మొదటిరోజు మండీ మూసేవాళ్ళం. పొద్దుపొడుపుకు అమావాస్య ఉండాలి కాబట్టి వాళ్ళు రెండోరోజు మగ్గం ఆపేవాళ్ళు. అలాంటి నెలల్లో మా కెప్టెన్ ముందుగానే ఆదోనికొచ్చి, మండీ అరుగు మీద చతికిలబడి, మీ అమావాస్య ఎప్పుడప్పా అని అడిగేవాడు. ఎక్కువసార్లు తానే తగ్గి, మా రోజుకే మగ్గాలు ఆపించేవాడు.

పంచె గోచీ పోసి ఆడేవాడు. బంతి కోసం ఎదురుచూస్తూ నిలబడితే ఆయన పాదాలు ఒకటి మార్చి ఒకటి నేలను తొక్కుతుండేవి, మగ్గం గుంతలో కూర్చొని తొక్కుడుచెక్కలు తొక్కుతున్నట్టే. నేను బలంగా బాదితే ఒప్పుకొనేవాడు కాదు. "కొట్టద్దప్పా, పంపించు" అనేవాడు. ఓడిపోయి నేను రుసరుసలాడుతుంటే, పోగు తెగితే ముడేసుకుంటాం గానీ మగ్గం పీకేసుకుంటామా అనేవాడు. అప్పుడు నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు మా గుమాస్తాలకు నేనే ఆ మాట చెబుతున్నాను.

జట్టు కట్టిన రెండో ఏడు మమ్మల్ని బళ్లారి టోర్నమెంటులో చేర్చుకున్నారు. తొలి ఆట బళ్లారి జట్టుతో, ఎమ్మిగనూరులోనే. గెలిస్తే బళ్లారి మైదానంలో ఆడొచ్చు. మా కెప్టెన్‌కు అంతకు మించిన కోరిక లేదు. బట్టలమూట మోసుకొని ఎన్నోసార్లు బళ్లారికి వెళ్ళినవాడే గానీ, ఆ ఊళ్ళో తనను చూడడానికి నలుగురు ఆగింది లేదు. అందరికీ ఒకే రకం చొక్కాలుండాలని ఆ నెలంతా బట్ట నేస్తూ కూర్చున్నాడు. ఆ పనిలో పడి ఆదోనికి రాలేదు. ఆట అమావాస్యనాడని మాత్రం కబురంపాడు.

ఆ మాటే మా కొంప ముంచింది. ఆ నెల మా అమావాస్య శనివారం, వాళ్ళది ఆదివారం. ఎప్పుడూ ఆయనే తగ్గుతున్నాడు, ఈసారి మనం తగ్గుదామని మేమిద్దరం అనుకొని, మండీ పని వదిలి ఆదివారం బయల్దేరాం. మమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదని వాళ్ళు శనివారమే మగ్గాలు ఆపి మా దారి చూశారు. బళ్లారివాళ్ళ అమావాస్య కూడా శనివారమే. వాళ్ళు పొద్దుగూకేదాకా ఆగి, ముగ్గురితో ఆటేమిటని, గెలిచామనిపించుకొని బండెక్కారు. మర్యాదకు పోయి మునిగినవాళ్ళలో మమ్మల్ని మించినవాళ్ళుంటే చెప్పండి.

మేము వెళ్ళేసరికి, ఈ రోజైనా వస్తామేమోనని ముగ్గురూ మళ్ళీ మైదానంలోనే ఉన్నారు. సంగతి విని శెట్టి కొడుకు తల పట్టుకున్నాడు. మా కెప్టెన్ ఇద్దరి చేతుల్లోనూ కొత్త చొక్కాలు పెట్టాడు.

"నిన్న మీరొస్తారని మేమొస్తిమి. ఈపొద్దు మేముంటామని మీరొస్తిరి. యాడుందప్పా తప్పు?"

అవతల ఎవరూ లేరు కదన్నా అన్నాను.

"లేకుంటే యేమి? అయిదుమందిమీ ఉండాము కదా. ఆడదాం."

అదే మా జట్టు ఆఖరి ఆట. ఏడాది తిరక్కుండానే రాష్ట్రం వేరయింది. బళ్లారి అటు పోయింది, మేము కర్నూలు జిల్లాలో కలిశాం. మళ్ళీ మమ్మల్ని ఏ టోర్నమెంటుకూ ఎవరూ పిలవలేదు. అంత ఆశపడిన మనిషికి ఆ రోజు కోపం ఎందుకు రాలేదన్నది ఎంత ఆలోచించినా నాకు ఇప్పటికీ అంతుపట్టదు. అడుగుదామనుకుంటూనే ఆయన్ను పోగొట్టుకున్నాను.

ఆ రోజు చొక్కాలు తొడుక్కొని మేము వరసగా నిలబడ్డాం. ఆయన ఖాళీ వైపుకు బంతి కొట్టాడు. అది దుమ్ములో పడింది. తానే నెట్టు కింద వంగి వెళ్ళి బంతి తీసుకున్నాడు. కానీ వెంటనే తిరిగి రాలేదు. బళ్లారివాళ్ళు నిలబడాల్సిన చోట నిలబడి, మా నలుగురినీ ఒక చివర నుంచి ఇంకో చివరదాకా చూశాడు.

"బాగుండాదప్పా జట్టు" అన్నాడు.