గోల్ఫ్ ఆడేవాడి కుడి మడమ

1998 ఎండాకాలం. బాన్సువాడలో మా తాలీం, అంటే కుస్తీ నేర్పే చోటు, అప్పట్లో జిల్లాకే పెద్దది. కాదులెండి. రేకుల కింద ఒక మట్టి గుంట, గోడకు ఆంజనేయుడి పటం, రెండు ముగ్దర్లు. ముగ్దర్ అంటే భుజాల చుట్టూ తిప్పే బరువైన కర్ర గద. వీటన్నిటికీ నేను ఉస్తాద్‌ను.

ఒక పొద్దున గోపాల్ నాయక్ వచ్చాడు. డోంగ్లి దగ్గరి తండా మనిషి. మిలిటరీలో అధికారుల గోల్ఫ్ సంచులు మోస్తూ ఆట నేర్చుకుని, చివరికి ఆ అధికారులనే ఓడించాడు. నడుం పట్టేశాక రిటైరై ఇల్లు చేరాడు. వచ్చే చలికాలం సికింద్రాబాద్‌లో పాత పటాలం వాళ్లంతా కలిసి పోటీ పెట్టుకుంటున్నారు. ఆయన పాత కెప్టెన్ కబురు పంపాడట, నీ నడుం అయిపోయింది కదా, వచ్చి కుర్చీలో కూర్చుని స్కోరు రాయమని.

"నేను కుర్చీల కూసోను ఉస్తాద్," అన్నాడు. "పద్దెనిమిది హోల్స్ నా కాళ్ల మీద నడిచి ఆడాలె. మధ్యల ఆగితే ఇగ మళ్ల గోల్ఫ్ కర్ర ముట్ట."

"డాక్టర్ ఏమన్నడు?"

"ఎక్స్‌రేల ఎముకలు మంచిగనే ఉన్నయన్నడు. అయినా ఆట మర్చిపోయి మంచం పట్టుమన్నడు."

నాకు ఒళ్లు మండింది. మంచం మీద పడుకుని నడుం బాగు చేసుకున్నవాణ్ణి నేను చూడలేదు. "గోల్ఫ్ ఆడేటోళ్లను శానామందిని తయారు చేసిన," అన్నాను. నిజానికి గోల్ఫ్ బంతి చిన్నదో పెద్దదో కూడా నాకు అప్పటికి తెలియదు.

తెలిసిన విద్యే మొదలుపెట్టాను. దండీలు, బస్కీలు, ముగ్దర్. నెల తిరిగేసరికి నాయక్ భుజాలు గుండ్రంగా తేలాయి. పైల్వాన్‌ను చేశానని బస్టాండ్ దాకా చాటాను. ఒకనాడు కోత కోసిన పొలంలో బంతి కొట్టి చూపించమన్నాను. కర్ర ఊపాడు, దాన్నే స్వింగ్ అంటారు. బంతి పక్క మడి కూడా దాటలేదు. ఆయన మాత్రం నడుం పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు.

"ఏంది ఉస్తాద్ గిది? బాల్ తోని నేను కుస్తీ పట్టాల్నా?"

ఆ రోజు నాకూ అన్నం సయించలేదు.

మా తాలీంలో ఒక కట్టుబాటు ఉంది. మట్టిలోకి చెప్పుతో ఎవరూ దిగరు. ఎత్తు తప్పి పడ్డవాడు లేచి, ముందు తన అడుగుజాడలు చూసుకోవాలి. ఎక్కడ తప్పాడో మట్టే చెబుతుంది. మర్నాడు గుంట కొత్తగా తవ్వించి, నీళ్లు చల్లి, నాయక్‌ను అందులో దింపాను. ఆయన బూట్లు విప్పడానికి గునిశాడు.

"ఉస్తాద్, గోల్ఫ్ షూ వేసుకొనే ఆడాలె."

"ఆడ గోల్ఫ్. ఈడ నా మట్టి. ఇప్పు."

ఊపాడు. ఇద్దరం వంగి చూశాం. ఆయన వంగలేక గొంతుక్కూర్చుని చూశాడు. కుడి పాదం ముద్ర వేసినట్టు మొత్తంగా అంటుకుని ఉంది. కుస్తీలో ఎదుటివాణ్ణి విసిరేటప్పుడు మడమ లేచి, పాదం వేళ్ల మీద తిరుగుతుంది. దాంతో తుంటి తిరుగుతుంది, చెయ్యి ఆఖరున వస్తుంది. ఇక్కడ మడమ కదలలేదు. తుంటి తిరగక, ఆ మెలి అంతా నడుం మీద పడుతోంది. ఆ నడుం మీదికి నేను ఇంకా బరువైన భుజాలు ఎక్కించాను.

ముగ్దర్లు మూలన పడేశాం. తుంటి వదులయ్యేలా లోతుగా గొంతుక్కూర్చోవడం, వెల్లకిలా పడుకుని నడుం కింది భాగం పైకెత్తడం, భుజాల మీద కర్ర పెట్టుకుని ఛాతీ తిప్పడం. ఇప్పటి జిమ్ పిల్లలు వీటినే మొబిలిటీ అంటున్నారు. సాయంత్రం సంచి భుజాన వేసుకుని నిజాంసాగర్ కాలువ గట్టు మీద నడక. దసరా దాటాక మట్టిలో కుడి కాలి వేళ్ల గుర్తు మెలి తిరిగి, లోతుగా పడింది. చాయ్ తాగాం.

పోటీకి నేనూ వెంట వెళ్లాను. పద్నాలుగో హోల్ దగ్గర నాయక్ ముఖం మారింది. నడుం బిగుస్తోంది. కెప్టెన్ కుర్చీ తెప్పించాడు.

"కూర్చో నాయక్. చాలు."

నాయక్ నా వైపు చూశాడు. నేను ఆయన పాదాల వైపు చూశాను. నాయక్ గొంతుక్కూర్చుని బూట్లు విప్పాడు.

"ఇక్కడ బూట్లు లేకుండా ఆడనివ్వరు," అన్నాడు కెప్టెన్.

"మా తాలీంల బూట్లతోని ఆడనియ్యరు సార్."

తోటివాళ్లు నవ్వి, ఆడనిమ్మన్నారు. మెల్లగా, ఒక్కో దెబ్బకూ మడమ లేపుకుంటూ పద్దెనిమిదో హోల్‌లో బంతి వేశాడు. తర్వాత పద్నాలుగో హోల్ దాకా వెనక్కి నడిచి వెళ్లి, ఆ కుర్చీ ఎత్తుకొచ్చి కెప్టెన్ ముందు పెట్టాడు. "మీరు అలిసిపోయిండ్రు. కూసోండ్రి సార్."

మొదటి బహుమతి మా నాయక్‌దేనని బాన్సువాడలో చెప్పాను. కాదు. ఆయన పేరు కావాలంటే పట్టికను కింది నుంచి చదవాలి, తొందరగా దొరుకుతుంది.

ఆ తర్వాత నడుం నొప్పితో ఎవరొచ్చినా బరువు ఎంత ఎత్తగలవని అడగలేదు. మట్టిలో నిలబెట్టి, మడమ లేస్తుందా లేదా చూశాను. మనిషిని మంచానికో కుర్చీకో అప్పజెప్పే ముందు, ఇంకా ఏది తిరుగుతుందో వెతకాలి. మా తాలీంలో ఈ రోజుకీ కుర్చీ లేదు. డెబ్బై దాటినా నిలబడే నేర్పుతున్నాను.

గోడవారగా ఒక రాయి ఉంది. ఎవరూ చూడనప్పుడు దాని మీద కూర్చుంటాను.