రేడియం నాటికలో నేను అందించని మాట

1969 ప్రాంతంలో నారాయణగూడలోని ఒక బడిలో అటెండరుగా ఉండేవాణ్ణి. బడిలో నేను చదివింది మూడో తరగతే. మిగతాదంతా చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని సొంతంగా నేర్చుకున్నాను. పొయ్యి మీద ఖనిజం కాచి కాచి రేడియం కనుగొన్న మహిళ గురించి పిల్లలకు తెలియాలని ఒక నాటిక రాశాను. చివర ఆవిడ "సాధించాను!" అని చాటాలి. హెడ్మాస్టరు గారు ఆ మాట కొట్టేశారు.

"ఆడపిల్ల అలా అంటే ఏం బాగుంటుందయ్యా? భర్త వేషం వేసే కుర్రాడి చేత అనిపించు."

నాకు ఒళ్లు మండిపోయింది. అయినా ఆసారి ఉద్యోగం పోతుందన్న భయంతో తలూపాను.

ప్రదర్శన రోజు తెర పక్కన నిలబడి పిల్లలకు మాటలు అందిస్తున్నాను. శాస్త్రవేత్త వేషం యాదమ్మది. వాళ్ల అమ్మానాన్నలు అశోక్‌నగర్‌లో ఇళ్లు కట్టే కూలీలు. స్టేజి మీద లైట్లు తీసేయగానే, టార్చి దాచిన గాజుసీసా రేడియంలా వెలిగింది. సరిగ్గా అప్పుడే భర్త వేషం కుర్రాడు మాట మరిచిపోయి నావైపు చూశాడు. కాగితం నా చేతిలోనే ఉంది. నేను పెదవి కదపలేదు.

"అందించవయ్యా!" ముందు వరుసలోంచి హెడ్మాస్టరు గారి గద్దింపు.

యాదమ్మ సీసా పైకెత్తి, భర్త వేషం కుర్రాణ్ణి చూపించింది. "ఆయన్నేం అడుగుతరు సార్? ఇన్ని దినాలు పొయ్యి కాడ కష్టపడ్డది నేను గాదా? దొరికింది! నాకే దొరికింది!"

పిల్లలు బెంచీలెక్కి ఈలలు, కేకలు! మర్నాడు హెడ్మాస్టరు గారు నన్ను గంటసేపు తిట్టారు కానీ, ఉద్యోగం తీయలేదు.

అన్యాయం కనిపిస్తే గొంతు చించుకునే మనిషిని నేను. మౌనంగా ఉండి గెలిచింది మాత్రం ఆ ఒక్కసారే.