నాన్న పెదవుల దాకా వెళ్ళిన సముద్రపు సారం

రెండువేల తొలి ఏళ్ళలో, ఎమ్మెస్సీ చివరి సంవత్సరంలో నా ప్రాజెక్టు సముద్రపు బాక్టీరియా మీద. కాకినాడ తీరం నుంచి తెప్పించిన బురదలో నారింజ రంగు బాక్టీరియా ఒకటి పెరిగింది. దాని రంగును మిథనాల్ అనే స్పిరిట్‌లోకి తీసి, యాంటీ ఆక్సిడెంట్ గుణం ఉందేమో చూడాలి. ఎండాకాలం కాలేజీ ఫ్రిజ్ పాడయితే, ఆ సారం ఉన్న సీసాను కొత్తగూడెంలోని మా క్వార్టర్‌కు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాను.

"ఏందిది?" అని అమ్మ అడిగింది.

"సముద్రంల కంటికి కనబడని పురుగులు చేసే పదార్థం. ఒళ్ళు పాడుగాకుండ కాపాడుతదేమో చూస్తున్నం" అన్నాను.

నాన్న బొగ్గు బాయిలో పనిచేసి, దగ్గుతో మంచం పట్టి ఉన్నాడు. మర్నాడు స్నానం చేసి వచ్చేసరికి అమ్మ ఆయన తల ఎత్తి, నారింజ రంగు సారం పోసిన చెంచాను పెదవులకు ఆనిస్తోంది. అరుస్తూ వెళ్ళి చెంచాను కొట్టేశాను.

"అమ్మా, అండ్ల స్పిరిటుంది, అది విషం! తాగితే కండ్లు పోతయ్, పానం పోతది!"

"మంచిదన్నవ్ గదనే..." అమ్మ గోడకు చేరగిలబడింది. "దవాఖానా మందులు ఏం పనిచేస్తలేవని..."

ఒక్క చుక్కా లోపలికి పోలేదని నాన్న చెబుతున్నా వినకుండా, నోరు కడిగించి దవాఖానాకు తీసుకెళ్ళాను. డాక్టరు సాయంత్రం దాకా ఉంచి, ఏమీ కాలేదని పంపాడు.

తర్వాత ల్యాబులో మిగిలిన సారాన్ని, యాంటీ ఆక్సిడెంట్ గుణాన్ని పరీక్షించే ఊదారంగు ద్రావణంలో కలిపితే, అది చూస్తుండగానే పసుపుగా మారింది. ఆ గుణం ఉన్నట్టే! తోటివాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను మాత్రం సీసాను బీరువాలో పెట్టి తాళం వేసి, పడిందో లేదో మళ్ళీ లాగి చూశాను.