ఒక గడి ముందే ఆగిన బిషప్

పంజాగుట్టలో టైలర్ షాపు నడిపే భాయ్ దగ్గర నేను చెస్ నేర్చుకున్నాను. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెప్పే ఉద్యోగం నాది. మధ్యాహ్నం బ్యాచ్‌కీ సాయంత్రం బ్యాచ్‌కీ మధ్య దొరికే రెండు గంటలూ ఆయన కుట్టుమిషన్ పక్కనే గడిచిపోయేవి. తెల్లపావులొస్తే ఆయన ఆట మొదలుపెట్టే పద్ధతి ఒక్కటే, ఇటాలియన్. నాకూ అదే నేర్పాడు. తర్వాత యూట్యూబ్ పుణ్యమా అని నాకు స్పానిష్ పిచ్చి పట్టింది. మొదటి రెండు ఎత్తులూ రెండింటికీ ఒకటే. మూడో ఎత్తులో బిషప్ ఒక గడి ముందే ఆగితే ఇటాలియన్. ఇంకో గడి పోయి ఎదుటివాడి గుర్రం మీద గురిపెడితే స్పానిష్.

పోయినేడు శ్రీనగర్ కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆదివారాలు జరిగిన పోటీలో, ఫైనల్‌కి మేమిద్దరమే మిగిలాం. చీటీలో తెల్లపావులు నాకొచ్చాయి. ముప్పై ఏళ్లుగా ఆడుతున్నా భాయ్ ఒక్క కప్పూ గెలవలేదు. ఆయనకు స్పానిష్ రాదు, ఆ వయసులో కొత్తవి ఎక్కవు, అది ఆడితే నేను గెలిచినట్టే. వారమంతా కొట్టుమిట్టాడాను. చివరికి ‘పెద్దాయన, పోనీలే’ అనుకుని బిషప్‌ని ఒక గడి ముందే ఆపాను. నా అంత మంచివాడు లేడని లోలోపల మురిసిపోయాను కూడా.

భాయ్ కాసేపు బోర్డు వంక చూశాడు. తర్వాత ఆడాడు, గెలిచాడు, కప్పు తీసుకున్నాడు. మొహంలో మాత్రం సంతోషం లేదు.

అందరూ వెళ్లాక సంచిలోంచి ఒక స్పైరల్ పుస్తకం తీశాడు. నేను ప్రింటు తీయించుకున్న స్పానిష్ నోట్సే. అమీర్‌పేట జిరాక్స్ షాపులవాళ్లు ఎవరి నోట్సయినా ఒక కాపీ ఉంచుకుని అడిగినవాళ్లకల్లా అమ్ముతారు. రోజూ అక్కడే తిరిగే నాకు ఆ సంగతి తట్టనే లేదు. పేజీ పేజీకీ పెన్సిల్‌తో ఉర్దూలో రాసుకున్నాడు.

“దుకాణంల నీ పేరు జూసి తెచ్చుకున్న బేటా. వారం సంది గిదే చదువుతున్న. నా మీద జాలిపడ్డవా?”

“లేదు భాయ్” అన్నాను. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

“జర కూసో. ఇప్పుడాడు.”

వాచ్‌మన్ కుర్చీలు మడుస్తుంటే, నాకొచ్చిందంతా పెట్టి స్పానిష్ ఆడాను. నలభై ఎత్తుల్లో ఓడిపోయాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను. తనంతట తాను గెలుచుకునే మనిషికి నేను దానం చేశాను.

భాయ్ చేయి కలిపి “మస్తు ఆడినవ్” అన్నాడు. పుస్తకం సంచిలో పెట్టుకున్నాడు. కప్పు టేబుల్ మీదే వదిలేసి మెట్లు దిగిపోయాడు.