బట్టల బండమీద ఇంజన్ దిమ్మ

షెడ్డులో మీ కారు ఇంజన్ని మిషన్‌తో కడిగి, రంగేసి, సాయంత్రానికల్లా ఇచ్చేసినారని నిన్న ఫోటో పంపినావు కదప్పా. చూసినాను, బాగుండాది. మీ తాతకు మాత్రం చూపించలేదు. చూపిస్తే మన కారు కథ మొదలుపెడతాడు, అందులో తప్పంతా నాదే అవుతుంది. మీరు పూణేలో ఉండేవాళ్ళు, మీకు యాడ తెలుస్తుంది? దానికన్నా నేనే చెప్పేస్తా.

మన పాత కారు ఆయిలు తాగి పొగ కక్కతా ఉన్నింది. కోలారు రోడ్డు మెకానిక్ "ఇచ్చేసి పోండి సార్, వారంలో చేసిస్తా" అన్నాడు. మీ తాత ఒప్పుకోలేదు. మన ఊరి బంగారు గనులు మూసేదాకా వాటి వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసిన మనిషి కదా. ఇంజనంతా విప్పి, నాలుగు పెద్ద బొక్కలుండే ఇనుప దిమ్మ ఉంటుందే, బ్లాకు అంటారు, దాన్ని ఇద్దరు మనుషులతో మోయించి పెరట్లో నేను బట్టలుతికే బండమీద పెట్టించినాడు. నాలుగు నెలలు అది ఆడనే. నేను ఒక మూల కూచుని చీరలు పిండుకుంటా ఉంటే, డీజిల్ వాసన చీరలకు, చీరల సోపు నురగ దిమ్మకు. సన్న సందుల్లో మడ్డి తియ్యాలని నీ చిన్నప్పటి పాలసీసా బ్రష్షు కూడా ఎత్తుకున్నాడు. గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల దుమ్ము పడుతుందని పైన నా మంచి దుప్పటి కట్టినాడు. నాకు ఎంత బేజారంటే, ఒగదినం అడిగేసినాను, "దీన్ని ఆ మెకానిక్‌కి ఇచ్చేస్తే ఏమి పోతుంది?" అని. బ్రష్షు కిందపెట్టి కుడిచెయ్యి చూపించినాడు. అప్పటికే అది వణకతా ఉన్నింది, ఇంగా ఎక్కువవుతుందని డాక్టరు చెప్పేసినాడు. "ఇది నేను చేసే కడాపటి ఇంజనే. దీన్ని ఇంగొకరి చేతిలో పెడితే, నా చేతి పని ఆ దినమే ముగిసిపోయినట్లు" అన్నాడు. బకెట్టు ఎత్తుకుని లోపలికి పోయినాను. బేజారు మాత్రం పోలేదు.

ఇంగ చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం వేన్నీళ్ళతో సోపేసి కడిగినాడు. ఇనుము కొత్త గిన్నె మాదిరి తెల్లగా వచ్చింది. "ఇప్పుడు తుడిచి వెంటనే ఆయిలు పుయ్యల్ల, లేకుంటే కాఫీ తాగేలోపల తుప్పెక్కుతుంది" అంటా గుడ్డ చేతికి తీసుకున్నాడో లేదో, చర్చి అయ్యగారు ప్రార్థనకని వచ్చినారు. ఆయన ప్రార్థన మీకు తెలీదు. మన ఇంటితో మొదలుపెట్టి, గని కూలోళ్ళ లైన్ ఇళ్ళన్నీ తిరిగి, ఆస్పత్రిలో ఉండేవాళ్ళను పలకరించి, దేశాన్ని ఏలేవాళ్ళ దాకా పోతుంది. మీ తాత మోకాళ్ళమీద ఉన్నాడు, ఒక కన్ను మూసి ఒక కన్ను పెరటివైపు పెట్టి. ఆ కన్ను చూసి నాకే పాపమనిపించింది. అయ్యగారు ఆస్పత్రి దగ్గరికి వచ్చేసరికి నేను మెల్లగా లేచినాను. మీ తాత ఆయిలు డబ్బా మూత ఎంత తిప్పినా రాలేదు. వంటింట్లో శెనక్కాయ నూనె ఉన్నింది. దిమ్మను తుడిచి, బిడ్డకు తలంటినట్లు లోపలా బయటా, మూలమూలా పూసేసినాను. ఆమెన్ చెప్పేటప్పటికి మళ్ళీ మోకాళ్ళ మీదికి వచ్చేసినాను.

అయ్యగారు పోయినాక మీ తాత పెరట్లో దిమ్మ దగ్గరికి పోయినాడు. వేలితో తుడిచి వాసన చూసినాడు.

"ఇది వంటనూనె కదమే."

"తుప్పు పట్టలేదు కదా."

"పట్టలేదు. బయటా పూసినావే, బయట రంగెయ్యల్ల. నూనెమీద రంగు నిలుస్తుందా? లోపల ఇది బంక కడుతుంది. అంతా మొదటినుంచి కడగల్ల."

బ్రష్షు తీసుకుని నాలుగుసార్లు రుద్దినాడు. ఐదోసారి బ్రష్షు చేతిలోనుంచి జారిపోయింది. వంగి తీసుకోలేదు. మూడుకాళ్ళ స్టూలు లాక్కుని కూచుని, నావైపు చూడకుండా "నువ్వు తోము, నేను చెప్తా" అన్నాడు. మా పెండ్లయినప్పటినుంచి ఆయన పనిముట్టు నన్ను తాకనిచ్చింది లేదు.

రెండు దినాలు తోమినానప్పా. ఆ చెప్పేది యాడన్నా ఊరకుంటుందా? "అట్లగాదు, సుట్టూ తిప్పు. దోసెపెనం గాదది." వేన్నీళ్ళు పోసింది నేను, తుడిచింది నేను, బొక్కలకు సరైన ఆయిలు పూసింది నేను. రంగు మాత్రం ఆయనే వేసినాడు. మోచెయ్యి మోకాలిమీద ఆనించి, ఎడంచేత్తో కుడి మణికట్టు బిగించి పట్టుకుని, ఒక్కొక్క గీత. ఒక పక్క రంగు కారి గట్టిపడింది. గీకి మళ్ళీ వేస్తానన్నాడు. వద్దు, అది మీ చేతి రంగు, ఉండనీ అన్నాను.

ఇప్పుడు కాఫీ లోటా నేనే పట్టుకుంటే తాగతాడు. ఈ పని ఎప్పుడు ముగుస్తుందా అని నేను ఆ నాలుగు నెలలూ దినాలు లెక్కపెట్టినాను. అవే దినాలను, తన చేతికి ఇంగెన్ని మిగిలి ఉండాయా అని ఆయనా లెక్కపెట్టుకున్నాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.