మూడో వరుసలో కూర్చున్నది నేను కాదు

ఎనిమిదేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. మీరు నన్ను మెచ్చుకున్నప్పుడల్లా అది ఇంకాస్త పెరుగుతుంది. ఇలా అంటే నెపం మీమీద వేస్తున్నట్టుంది. కాదు. తప్పు నాది. మీరు మంచి మనసుతోనే మెచ్చుకున్నారు. కాకపోతే మీరు మెచ్చుకున్న మనిషిని నేను కాదు.

ఫోన్లో మీరు చదివే ఈ 'మూడో వరుస' పేజీలో సినిమాల మీద, సీరియళ్ళ మీద, నవలల మీద అభిప్రాయాలు పెడుతున్నది నేనే. టైపు చేసింది నేనే. అభిప్రాయాలు మాత్రం నావి కావు. సుగుణక్కవి.

అప్పట్లో నేను గుడివాడ నుంచి బందరుకి రోజూ పాసింజరు రైల్లో ఉద్యోగానికి వెళ్ళేదాన్ని. సుగుణక్క కవుతరంలో ఎక్కేది. బందర్లో ఒక బట్టల కొట్లో జాకెట్లు కుట్టేది. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. వాళ్ళ నాన్నగారు పాస్టరు. ఇంట్లో సినిమా అన్న మాటే వినపడకూడదు. పెళ్ళయిన చాలా ఏళ్ళకి గాని ఆవిడ మొదటిసారి సినిమా హాల్లో అడుగుపెట్టలేదు. "లైట్లు ఆరిపోగానే ప్రార్థన చేస్తారేమోననుకుని కళ్ళు మూసుకున్నానమ్మాయ్" అని చెప్పి తనే పడీపడీ నవ్వేది. ఆ తర్వాత ఆదివారం చర్చి మానలేదు, చర్చి అయ్యాక మ్యాటినీ కూడా మానలేదు. ఎప్పుడూ తెరకి దగ్గరగా, మూడో వరుసలో కూర్చునేది.

మనం చిన్నప్పటి నుంచీ చూసి చూసి పట్టించుకోవడం మానేసినవన్నీ ఆవిడకి కొత్తగా కనిపించేవి. "ఆ తల్లి ఇరవయ్యేళ్ళు మిషన్ తొక్కి కొడుకుని చదివించింది, సరే. ఒక్కసారైనా సూదిలో దారం ఎక్కించగా చూశావా?" అనేది. సీరియళ్ళ గురించి, "వాళ్ళ వంటింట్లో పొయ్యి వెలగదే. అందరూ అక్కడ చెవులొగ్గి నిలబడతారంతే" అనేది. ఒక డిటెక్టివ్ నవల ఇస్తే రెండు రోజుల్లో తిరిగిచ్చింది. హంతకుడెవరో మొదట్లోనే తెలిసిపోయిందట. అయినా చివరిదాకా చదివింది, ఆ ఇంట్లో వంటమనిషికి మళ్ళీ పని దొరుకుతుందో లేదోనని. మేనకోడలు ఫోన్లో గేమ్ ఆడమంటే ఆడి, "మనిషిని చంపితే పాయింట్లిస్తున్నారు. అంత చక్కటి తోట పెట్టి, చెట్టు కింద కూర్చుంటే ఒక్కటీ ఇవ్వరేం? నేను కూర్చునే ఉన్నా" అంది.

ఈ మాటలు మీకు తెలిసినవే. మీలో చాలామంది ఒకరికొకరు పంపుకున్నారు.

మొదట్లో సరదాకే రాసుకున్నాను. పెడన దాటేలోపు ఆవిడ అన్నది, ఆఫీసుకి వెళ్ళగానే డైరీలో ఎక్కించేదాన్ని. తర్వాత వాటికి కాస్త పుస్తకాల భాష తొడిగి పేజీలో పెట్టాను. అడిగి ఉంటే కాదనేదా? కాదనేది కాదు. "నా మాటలకి అంత సీనుందా" అని సిగ్గుపడి, ఒప్పుకునేది. మరి ఎందుకు అడగలేదు? అడిగితే అవి ఆవిడవైపోతాయి. నాకు అది ఇష్టం లేదు. ఇంత చిన్న వాక్యం రాయడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది.

ఒకరోజు పొద్దున్న సుగుణక్క రైలెక్కుతూనే ఫోను నా ముఖం ముందు పెట్టింది. ముఖం వెలిగిపోతోంది.

"ఇది చదివావా? మొన్న నీతో అన్నాను చూడు, సూదీ దారం సంగతి. అచ్చం అదే రాశాడు! ఎవరో బాగా చదువుకున్నాయన అయ్యుంటాడు. అలాంటాయనకీ అదే తోచిందంటే నేను మరీ తెలివితక్కువదాన్ని కాదన్నమాట."

అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. నేనేం చేశానో తెలుసా? ఫోను తీసుకుని, నేను రాసిన వాక్యాలని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు నెమ్మదిగా చదివాను. చదివి, "అవునక్కా, బాగా రాశాడు" అన్నాను.

రాశాడు అన్నాను. తెలుగులో 'నేను చూశాను' అని రాస్తే ఆడో మగో తెలియదు. పేజీలో ఆ మాట చాటునే దాక్కున్నాను. ఆరోజు ఆవిడ ఎదురుగా ఆ చాటు కూడా లేకుండా, నోరారా అబద్ధమాడాను.

అప్పటి నుంచి సుగుణక్క ఆ పేజీకి భక్తురాలైపోయింది. నాకు గర్వంగా కూడా ఉండేది, సిగ్గులేకుండా. కానీ మెల్లమెల్లగా ఒకటి గమనించాను. సినిమా ఎలా ఉందక్కా అంటే, "ఉండు, ఆయనేమంటాడో చూసి చెప్తా" అనడం మొదలుపెట్టింది. ఆవిడ చెబితే గాని పేజీలో ఏమీ ఉండదు. పేజీలో వస్తే గాని ఆవిడ చెప్పదు.

ఆ సమయంలోనే పెద్ద హీరో సినిమా ఒకటి వచ్చింది. సోమవారం రైల్లో అడిగితే, ముందు ఆయన్ని రాయనీ అంది. పేజీ ఖాళీగా ఉంచడం ఇష్టం లేక, ఊరంతా అంటున్నదే నేనూ రాశాను. అద్భుతం అన్నాను. నిజానికి నేను ఆ సినిమా చూడనేలేదు.

మర్నాడు రైల్లో సుగుణక్క అంది.

"నాకు ఊపిరాడలేదమ్మాయ్. ఆ పిల్ల వద్దు వద్దంటున్నా వాడు వెంటపడి ఏడిపిస్తుంటే హాలంతా ఈలలు. మధ్యలో లేచొచ్చేద్దామనుకున్నా. కానీ ఆయన అంత బావుందన్నాడంటే నాకే అర్థం కాలేదేమోలే."

"అర్థం కాకపోవడమేంటక్కా..." అన్నాను.

"ఏమోలే. మనకేం తెలుసు" అంది.

ఆ తర్వాత ఆవిడ సినిమాలు చూసింది కానీ, మాట్లాడటం తగ్గించేసింది. మా మధ్య కూరల ధరలు, మోకాళ్ళ నొప్పులు మిగిలాయి. మాటలు దొంగిలించానని మాత్రమే అయితే ఇంత బాధ ఉండేది కాదేమో. ఆవిడకి తన కళ్ళ మీద తనకున్న నమ్మకాన్ని తీసేశాను. అదీ ఆవిడ మాటలతోనే. తర్వాత నాకు పెళ్ళయి బందరులోనే కాపురం పెట్టాను. రైలు ప్రయాణం ఆగిపోయింది. పాత డైరీలోంచి మాటలు తీసి కొత్త సినిమాలకి అతికిస్తూ వచ్చాను. మునుపటి పదును లేదని మీలో ఒకరిద్దరు రాశారు. నిజం పట్టుకున్నారు.

పోయిన నెల అవనిగడ్డలో ఒక పెళ్ళిలో సుగుణక్క కనిపించింది. నన్ను గట్టిగా వాటేసుకుంది. భోజనాల దగ్గర పక్కవాళ్ళకి పరిచయం చేసింది. "ఈవిడ మా రైలు చెల్లాయి. సినిమా ఎలా చూడాలో నాకు నేర్పింది, నాకా పేజీ గురించి మాట్లాడే తోడు ఈవిడే" అంది. ఇప్పటికీ రోజూ పేజీ చూస్తుందట. నేను తల వంచుకుని పెరుగన్నం కలుపుకున్నాను. అప్పుడూ చెప్పలేదు.

అందుకే ఇది ఆ పేజీలోనే పెడుతున్నాను. నేర్పింది నువ్వక్కా. ఇందులో నచ్చినవన్నీ నీవి. ఆ పెద్ద హీరో సినిమా మీద రాసిన అబద్ధం ఒక్కటీ నాది. ఆ సినిమా నీకు సరిగ్గానే అర్థమైంది.

క్షమించమని అడగను. అడిగితే సుగుణక్క క్షమించేస్తుంది, అది ఆవిడ స్వభావం. ఆవిడ మంచితనాన్ని కూడా వాడుకోలేను. ఇంతవరకు రాశాక గుండెలో ఏదో వదులైనట్టుంది. ఆ మాత్రం నాకు చాలు. చదివాక ఆవిడ ఫోను చేస్తుందో చేయదో తెలియదు. చేస్తే తిడుతుందేమో. ఆ తిట్లలో కూడా మరిచిపోలేని మాట ఒకటి ఉండే ఉంటుంది.

దాన్ని మాత్రం ఎక్కడా రాసుకోను.