ఏడో స్టడ్డు

ఖాసిం వేసిన పవర్ సప్లై మంచిదే. అది దొంగ సరుకని పదిమందిలో అన్నవాణ్ణి నేను. తప్పు నాదేనని తెలిశాక కూడా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఆ మాటతో రేపల్లెలో అతని పని పోయింది. అది నాకు దక్కింది.

ఏడేళ్ళుగా ఇది గొంతులో చేపముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను తెనాలిలో రేడియోలు బాగుచేసి బతికినవాణ్ణి. ఐదో తరగతితో బడి అయిపోయింది. నాకెవడూ నేర్పలేదు. వాల్వు రేడియో దగ్గర్నుంచి కంప్యూటరు దాకా విప్పి, చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. ఆర్నెల్ల కోర్సు చేసి, సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టించుకుని, స్క్రూడ్రైవరు సరిగ్గా పట్టుకోవడం రానివాళ్ళని చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఖాసిం అలాంటివాడు కాడు. బాపట్లలో టేపురికార్డర్లతో మొదలుపెట్టి నాలాగే సొంతంగా పైకొచ్చాడు. కాకపోతే నాకంటే ఇరవయ్యేళ్ళు చిన్న. నాకు రెండేళ్ళు పట్టిన పని అతనికి ఆరు నెలల్లో వచ్చేది. అసలు మంట అక్కడేనా? అక్కడే.

రేపల్లెలో నాగమణి అని ఒకావిడ డి.టి.పి. సెంటరు నడిపేది. శుభలేఖలు కొట్టేది. ఆవిడ కంప్యూటరులోకి కరెంటు పంచే డబ్బా, అదే పవర్ సప్లై, పాడైతే ఖాసిం కొత్తది వేసి వెళ్ళాడు. పది రోజులకి మదర్‌బోర్డు పోయింది. సరిపోయే బోర్డు నా దగ్గరే ఉందని ఈసారి నన్ను పిలిచింది.

పాత బోర్డు తీశాను. కింద రేకుకి ఆరు ఇత్తడి స్టడ్లు ఉన్నాయి. బోర్డు రేకుకి తగలకుండా ఎత్తి నిలబెట్టే చిన్న కాళ్ళు అవి. ఏడో కన్నం ఖాళీ. రేడియో పని చేసినవాడికి ఖాళీ కన్నం కనపడితే చెయ్యి ఊరుకోదు. ఎర్త్ ఎన్నిచోట్ల బిగిస్తే స్పీకర్లో గుర్రు అంత తగ్గుతుందని నలభై ఏళ్ళు నమ్మినవాణ్ణి. సంచిలోంచి కొత్త స్టడ్ల పొట్లం తీసి, చించి, ఏడోది కూడా బిగించాను. కొత్త బోర్డుకి ఆ చోట కన్నం ఉందా అని చూడలేదు. ఇంత అనుభవం పెట్టుకుని, చూడలేదు!

స్విచ్ నొక్కాను. ఫ్యాను అరచుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాను. అరచుట్టు. ర్యామ్ పీకి పెన్సిలు రబ్బరుతో రుద్దాను. బోర్డు మీది బ్యాటరీ తీసి పెట్టాను. వైర్లన్నీ ఊడదీసి మళ్ళీ గుచ్చాను. అదే అరచుట్టు. బెంచీ మీద శుభలేఖల వాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళ అక్షరాలన్నీ ఆ పెట్టెలోనే.

“ఏంటి బాబాయ్‌గారూ, వస్తుందా రాదా?” అంది నాగమణి.

“విజయవాడ స్టేషను పట్టిందా మాస్టారూ?” అన్నాడు బెంచీ మీద ఒకడు. అందరూ నవ్వారు. ఆ ఊళ్ళో ప్రైవేటు కాలేజీ చూసుకునే పెద్దమనిషి కూడా నవ్వాడు. తన కాలేజీ కంప్యూటర్లన్నీ ఖాసింకి అప్పజెప్పబోతున్నాడని నాగమణి అంతకుముందే చెప్పింది.

చెవులు కాలిపోయాయి. “పవర్ సప్లై వేసిందెవరమ్మా?” అన్నాను, తెలిసే.

“ఖాసిం గారండి.”

“అదీ సంగతి. దొంగ సరుకు తగిలించాడు. కొత్త బోర్డుని పొట్టన పెట్టుకుంది.”

ఆవిడ ఫోను చేసింది. ఖాసిం బాపట్ల నుంచి బస్సెక్కి వచ్చాడు. పెట్టె వంక చూశాడు. బల్ల వంక చూశాడు. తరువాత నా వంక చూసి, గొంతు తగ్గించి, “మాస్టారూ, బోర్డు బయటికి తీసి, న్యూస్‌పేపరు మీద పెట్టి ఒక్కసారి ఆన్ చేయండి” అన్నాడు.

“నువ్వు నాకు నేర్పుతావురా?”

“నేర్పడం కాదండి. మీరే తీసి, మీరే చూడండి అంటున్నాను.”

“ముందు నీ డబ్బా తీసి మురుక్కాలవలో పారేస్తాను.”

కాలేజీ పెద్దమనిషి ఖాసిం మొహంలోకి అదోలా చూశాడు. ఖాసిం ఇంకో మాట అనలేదు. ఎందుకు అనలేదో నాకు చాలాకాలం అర్థం కాలేదు. తప్పు చేసినవాడు కాబట్టి నోరు మూసుకున్నాడని అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

పెట్టె తెనాలి తెచ్చుకున్నాను. మర్నాడు పొద్దున్నే కొట్టు తలుపు దగ్గరగా వేసి, బోర్డు తీసి పేపరు మీద పెట్టాను. అతని మాట మీద నమ్మకం లేకపోతే తలుపు ఎందుకు వేశాను? అతని డబ్బాతోనే ఆన్ చేశాను. ఒక్క బీప్. తెర వెలిగింది. బోర్డు తిరగేసి చూశాను. వెనక టంకం చుక్కల మీద గుండ్రంగా గీరుకుపోయి ఉంది, సరిగ్గా స్టడ్డు తల అంత. కన్నం లేని చోట నా ఏడో స్టడ్డు తగిలి, బోర్డుని రేకుకి షార్ట్ చేసింది.

ఫోను చేతికందేంత దూరంలో ఉంది. తెలియక అన్న మాటని ఒక ఫోనుతో దిద్దుకోవచ్చు. నేను ఏడో స్టడ్డు విప్పి జేబులో వేసుకున్నాను. వేరే పవర్ సప్లై బిగించి రేపల్లె తీసుకెళ్ళి, “అది మారిస్తే గానీ కదల్లేదమ్మా” అన్నాను. అక్కణ్ణించి అది పొరపాటు కాదు.

కాలేజీ నాకొచ్చింది. ఖాసింని రేపల్లెలో ఎవరూ పిలవలేదు. మాట బాపట్ల దాకా పాకింది. కొట్టు ఎత్తేసి, పేరాలలో మోటార్లకి వైండింగు చుట్టుకుంటున్నాడని విన్నాను. అతని ‘దొంగ సరుకు’ మాత్రం నా కొట్లో, నా కంప్యూటరులోనే పెట్టుకున్నాను. ఏడేళ్ళలో ఒక్కరోజు కూడా మొరాయించలేదు. మొన్న ఎండాకాలంలో ఆగిపోయింది. పాత ఇనుములో వేయబోయి, వేయలేక, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

తరువాత రేపల్లె వెళ్ళి నాగమణికి చెప్పాను. ఆవిడ మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. కాలేజీ ఆయన “ఇప్పుడెందుకండీ అవన్నీ” అన్నాడు. ఖాసింకి ఉత్తరం రాశాను. క్షమించమని అడగలేదు, అడిగే మొహం లేదు. జరిగింది జరిగినట్టు రాశాను. పోస్టు డబ్బాలో వేశాక, ఏళ్ళ తరబడి బిగబట్టిన ఊపిరి వదిలినట్టయింది. అంతకు మించి నాకేం రావాలి?

జవాబు నెల తరువాత వచ్చింది.

“మాస్టారు గారికి, ఖాసిం నమస్కారాలు. స్టడ్డు సంగతి నాకు ఆరోజే తట్టిందండి. పాతవి ఆరూ ఉన్నాయని పవర్ సప్లై వేసిననాడే చూశాను, అయినా బల్ల మీద కొత్త స్టడ్ల పొట్లం చించి ఉంది. అంతమందిలో మీ పరువు తియ్యడం ఇష్టంలేక పేపరు మీద పెట్టమన్నాను. పెడితే మీకే తెలుస్తుంది, తెలిస్తే మీరే చెబుతారు అనుకున్నాను. మర్నాడు శుక్రవారం. మీ ఫోను వస్తుందేమోనని నమాజుకి కూడా కొట్టు వదిలి వెళ్ళలేదండి.”